దుబాయిలో ఫ్లాటు, బలగలో ఇల్లు

సంక్రాంతికి వచ్చిన మా మేనల్లుడు కనుమ నాడు భోజనాలయ్యాక ఒక రంగుల పుస్తకం తెచ్చి నా ముందు పెట్టాడు. దుబాయిలో ఒక పడకగది ఫ్లాటు, ధర 8 లక్షల దిర్హాములు. వాడు అక్కడ ఒక నిర్మాణ సంస్థలో తొమ్మిదేళ్లుగా సేఫ్టీ ఆఫీసరుగా పనిచేస్తున్నాడు. వాడి తండ్రి, అంటే మా బావగారు, ఉపాధ్యాయుడిగా పదవీ విరమణ చేసి శ్రీకాకుళం బలగలోని సొంత ఇంట్లో ఉంటున్నారు. ఆ ఇల్లు అమ్మి, ఆ డబ్బు పంపించి, తండ్రీకొడుకులిద్దరి పేరా ఫ్లాటు కొనాలన్నది వాళ్లు అప్పటికే వేసుకున్న లెక్క. "సంతకం పెట్టడమే మావయ్యా, మిగతావన్నీ ఆళ్లే చూసుకుంటారట" అన్నాడు. బ్యాంకులో ముప్పై ఏళ్లు పనిచేసి, అందులో కొన్నేళ్లు విశాఖపట్నం శాఖలో విదేశీ చెల్లింపుల సీట్లో కూర్చున్నవాణ్ని కనుక, ఆ మాట వినగానే నాకు తిన్న అరిసెలు కాస్తా అరిగిపోయాయి.

ఉద్దానం నుంచి గల్ఫ్‌కు వెల్డర్లుగా, ఫిట్టర్లుగా, రిగ్గర్లుగా వెళ్లినవాళ్లు ఒకప్పుడు నాలుగు డబ్బులు కూడగానే ఊళ్లో డాబా వేసేవారు, లేదా పక్కవాడి కొబ్బరితోట కొనేవారు. ఇప్పుడు పిల్లలు చదువుకుని అక్కడ మంచి కొలువుల్లో ఉన్నారు, అక్కడే ఇల్లు కొనాలనుకోవడంలో తప్పేమీ లేదు. అయితే ధర ఎంత, అద్దె ఎంత వస్తుంది, వీసా ఇస్తారా అని అడిగినవాళ్లే గానీ, డబ్బు కట్టే రోజున ఆ కట్టే మనిషి చట్టం లెక్కలో ఎక్కడి నివాసి అని అడిగినవాళ్లు నాకు తక్కువగా కనిపించారు. పన్నులన్నీ ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతాయి.

ముందుగా అక్కడి ఖర్చుల సంగతి చూద్దాం, ఎందుకంటే అందరూ భయపడేది వీటికే, నిజానికి భయపడనక్కరలేనివీ ఇవే. దుబాయి భూమి శాఖకు కట్టవలసిన బదిలీ రుసుము ధరలో 4 శాతం. ఇది అమ్మేవాడూ కొనేవాడూ చెరిసగం భరించాలన్నది నిబంధనలోని మాట, కొనేవాడే మొత్తం కట్టడం అక్కడి వాడుక. మధ్యవర్తికి 2 శాతం, దానిపై 5 శాతం వ్యాట్. రిజిస్ట్రేషన్ జరిపించే ట్రస్టీ కార్యాలయానికి, ధర 5 లక్షల దిర్హాములు దాటితే, 4,000 దిర్హాములూ వ్యాటూ. హక్కు పత్రానికి 580. మా వాడి ఫ్లాటుకు కాగితం మీద కూడితే 32,000, 16,800, 4,200, 580, వెరసి 53,580 దిర్హాములు తేలింది. అంటే వందకు ఆరు రూపాయల డెబ్బై పైసల లెక్క. మన సబ్‌రిజిస్ట్రారు కార్యాలయంలో స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ రుసుము కలిపి ఏడున్నర శాతం కట్టే మనకు ఇది కొత్తగా అనిపించవలసిన బరువు కాదు. రంగుల పుస్తకంలో లేనిది మాత్రం ఒకటుంది: భవన నిర్వహణకు చదరపు అడుగుకు ఇంత అని ఏటా కట్టే సర్వీసు చార్జీ. ఇల్లు ఖాళీగా ఉన్నా కట్టక తప్పదు, కనుక అద్దె లెక్కలోంచి ముందే తీసేయాలి.

ఇక బావగారు పంపే డబ్బు సంగతి. ఇక్కడ నివాసి అయిన మనిషి విదేశంలో ఇల్లు కొనడానికి డబ్బు పంపాలంటే ఉన్న దారి రిజర్వు బ్యాంకు వారి ఎల్‌ఆర్‌ఎస్, అంటే ఇక్కడి నివాసులు విదేశాలకు డబ్బు పంపుకునే పథకం. మన దగ్గర ఎల్‌ఆర్‌ఎస్ అనగానే లేఅవుట్ల క్రమబద్ధీకరణ గుర్తొస్తుంది, బావగారు కూడా ముందు అదే అనుకున్నారు. ఇది వేరు. ఆర్థిక సంవత్సరానికి ఒక్కొక్కరు రెండున్నర లక్షల డాలర్ల వరకు పంపుకోవచ్చు. దిర్హాము డాలరుకు 3.6725 చొప్పున ముడిపడి ఉంటుంది కనుక ఆ పరిమితి 9,18,125 దిర్హాములు అవుతుంది, అంటే మా వాడి ఫ్లాటు ఖర్చులతో సహా ఒక్కరి ఒక్క ఏడాది పరిమితిలోనే ఇమిడిపోతుంది. ఇంట్లోవాళ్ల పరిమితులు కలుపుకోవాలంటే మాత్రం వాళ్లంతా ఆ ఆస్తిలో భాగస్వాములై ఉండాలి. ఇలా పంపడానికి ఇక్కడి బ్యాంకు అప్పు ఇవ్వకూడదు కూడా.

పరిమితి సరిపోయిందని బావగారు ఊపిరి పీల్చుకునేలోగా టీసీఎస్ గురించి చెప్పాను. 2025 ఏప్రిల్ నుంచి ఏడాదికి 10 లక్షల రూపాయలు దాటి పంపే మొత్తంపై, చదువు, వైద్యం వంటి అవసరాలకు కానప్పుడు, బ్యాంకు 20 శాతం పన్ను ముందుగానే వసూలు చేస్తుంది. రెండు కోట్లు పంపాలనుకుంటే 10 లక్షలు పోను కోటీ తొంభై లక్షలపై 38 లక్షలు. అంటే ఆ రోజు ఖాతాలో రెండు కోట్లు ఉంటే చాలదు, రెండు కోట్ల 38 లక్షలు ఉండాలి. ఇది పోయే డబ్బు కాదు, రిటర్ను వేసినప్పుడు మన పన్నులో సర్దుకుని మిగిలింది వాపసు వస్తుంది. కానీ ఏప్రిల్‌లో కట్టి, మరుసటి ఏడాది జూలైలో రిటర్ను వేసి, వాపసు కోసం ఎదురుచూసే పింఛనుదారుకు 38 లక్షలు అంతకాలం చేతిలో లేకపోవడమంటే ఏమిటో నేను వివరించనక్కరలేకపోయింది, బావగారే లేచి మంచినీళ్లు తాగి వచ్చారు.

అసలు దెబ్బ మరొకటి ఉంది. ఇల్లు అమ్మి ఇల్లు కొంటే లాభంపై పన్ను ఉండదన్నది మనవాళ్లందరికీ నోటికి వచ్చిన సూత్రం. 1961 చట్టంలోని 54వ సెక్షను ప్రసాదించిన ఆ మినహాయింపుకు, 2014 నాటి సవరణలో "భారతదేశంలో" అన్న మాట చేర్చారు. బలగలోని ఇల్లు అమ్మి విశాఖలోనో విజయనగరంలోనో కొంటే వచ్చే మినహాయింపు దుబాయిలో కొంటే రాదు. అప్పుడు లాభంపై 12.5 శాతమో, పాత ఆస్తి కనుక ద్రవ్యోల్బణ సూచీ లెక్కన 20 శాతమో, ఏది తక్కువైతే అది కట్టి తీరాలి. ముప్పై ఏళ్ల క్రితం వేల రూపాయలకు కొన్న స్థలంలో కట్టిన ఇంటికి ఆ లాభం చిన్నదేమీ కాదు.

ఇవన్నీ విన్నాక మా వాడు కొంచెం గొంతు తగ్గించి, ఫ్లాటు చూపించిన మనిషి చెప్పిన ఉపాయం బయటపెట్టాడు. ఇక్కడ ఫలానావారికి రూపాయలు ఇస్తే అక్కడ దిర్హాములు ఇస్తారట, బ్యాంకు ఊసే ఉండదట. అది హవాలా అని, విదేశీ మారక చట్టం కింద లావాదేవీ మొత్తానికి మూడు రెట్ల వరకు జరిమానా వేయవచ్చని, అంత విలువ చేసే ఇక్కడి ఆస్తిని స్వాధీనం చేసుకునే అధికారం కూడా ఉందని చెప్పాను. ఎవరో కమిషను కోసం చెప్పిన మాటకు బలగ ఇల్లు పూచీకత్తు పెట్టినట్టవుతుంది. ఆ సంభాషణ అంతటితో ఆగింది.

అప్పుడు కాగితం తిప్పి రెండో వైపు వేరే లెక్క మొదలుపెట్టాను. వాడు ఉద్యోగానికి వెళ్లినవాడు కనుక విదేశీ మారక చట్టం ప్రకారం ప్రవాసి, ఏడాదిలో 182 రోజులు ఇక్కడ ఉండడు కనుక ఆదాయపు పన్ను ప్రకారమూ ప్రవాసే. వాడు అక్కడ సంపాదించిన జీతంతో అక్కడే కొంటే ఎల్‌ఆర్‌ఎస్ లేదు, టీసీఎస్ లేదు. ప్రవాసులు అక్కడి సంపాదనను ఇక్కడి బ్యాంకులో దాచుకునే ఎన్‌ఆర్‌ఈ ఖాతాలోది వెనక్కి తీసుకెళ్లినా అడ్డులేదు. అక్కడి కేంద్ర బ్యాంకు నిబంధనల ప్రకారం, 50 లక్షల దిర్హాములకు లోపు మొదటి ఇంటికి, జీతాన్ని బట్టి, విలువలో 80 శాతం వరకు అప్పు దొరుకుతుంది. 20 శాతం అంటే 1,60,000, పైన చెప్పిన ఖర్చులు 53,580, తాకట్టు నమోదుకు అప్పులో పావు శాతమూ 290 దిర్హాములూ కలిపి 1,890. బ్యాంకు సొంత రుసుములు పోను చేతిలో ఉండవలసింది 2,15,470 దిర్హాములు. వాడు ఫోను తీసి రెండు ఖాతాలు కూడి చూసుకుని, "ఇంకో ఏడాది ఆగితే సరిపోద్ది" అన్నాడు. కట్టడం పూర్తికాని ఫ్లాటయితే అప్పు సగానికి మించి రాదు, కనుక కట్టి ఉన్నదే చూసుకోమన్నాను.

వీసా మీద వాడికి ఉన్న ఆశను కొంచెం తగ్గించవలసి వచ్చింది. పదేళ్ల గోల్డెన్ వీసాకు ఆస్తి విలువ 20 లక్షల దిర్హాములు ఉండాలి, వాడు చూస్తున్నది అందులో సగం కూడా లేదు. కంపెనీ ఇచ్చిన వీసా ఉద్యోగంతోనే పోతుంది, ఉద్యోగం ఉన్నా ఆరు నెలలకు మించి దేశం బయట ఉంటే సాధారణంగా రద్దవుతుంది. మిగతా దేశాల్లో తలుపులు ఇంకా బిగుస్తున్నాయి. పోర్చుగల్ 2023లో, స్పెయిన్ 2025 ఏప్రిల్‌లో ఇల్లు కొంటే నివాసమిచ్చే పద్ధతిని ఎత్తేశాయి. సింగపూర్‌లో విదేశీయుడు ఇల్లు కొంటే అదనపు స్టాంపు డ్యూటీయే 60 శాతం. కెనడా 2027 జనవరి 1 వరకు, కొన్ని మినహాయింపులు తప్ప, విదేశీయులను ఇళ్లు కొననివ్వడం లేదు. అమెరికాలో కొనడానికి అడ్డులేదు గానీ ఇల్లు ఉన్నంత మాత్రాన వీసా రాదు, విదేశీయుడు అమ్మినప్పుడు ధరలో 15 శాతం కొనేవాడే మినహాయించుకుని పన్ను శాఖకు కడతాడు.

రేపు వాడు శాశ్వతంగా తిరిగొచ్చాక ఏమవుతుందన్నది మా అక్క అడిగిన ప్రశ్న, ఆ రోజు అడిగిన వాటన్నింటిలోకీ మంచిది. ప్రవాసిగా ఉన్నప్పుడు కొన్న ఆస్తిని తిరిగొచ్చాక కూడా ఉంచుకునే హక్కు 1999 నాటి విదేశీ మారక చట్టమే ఇచ్చింది. వచ్చిన తొలి రెండు మూడేళ్లు, అంతకుముందు పదేళ్లలో తొమ్మిదేళ్లు ప్రవాసిగా ఉన్నవాడు కనుక, పన్ను చట్టం వాణ్ని సాధారణ నివాసిగా చూడదు, ఆ కాలంలో దుబాయి అద్దెకు ఇక్కడ పన్ను లేదు. ఆ తరువాత ఉంటుంది. అక్కడ వ్యక్తిగత ఆదాయపు పన్ను లేదు కనుక అక్కడ కట్టామని ఇక్కడ తగ్గించుకోవడానికి ఏమీ ఉండదు, 30 శాతం ప్రామాణిక తగ్గింపు పోను మిగిలిన అద్దె మన శ్లాబులో కలుస్తుంది. అప్పటి నుంచి రిటర్నులో విదేశీ ఆస్తుల షెడ్యూలు నింపాలి, నింపకపోతే 2015 నాటి నల్లధనం చట్టం కింద 10 లక్షల జరిమానా. 20 లక్షల లోపు విదేశీ ఆస్తులకు 2024లో ఇచ్చిన సడలింపు ఇళ్లకూ స్థలాలకూ వర్తించదు. పాస్‌పోర్టు ముద్రల పేజీలు, జీతం పడిన ఖాతా వివరాలు ఇప్పటి నుంచే దాచమని వాడికి గట్టిగా చెప్పాను, పదేళ్ల తరువాత డబ్బు ఎక్కడిదని అడిగితే చూపించవలసినవి అవే.

చివరికి బావగారి కోరిక ఒక్కటి మిగిలింది: ఇల్లు అమ్మకపోయినా, డబ్బు పంపకపోయినా, కొడుకు పక్కన తన పేరు ఉంటే బాగుంటుందని. ఇక్కడి నుంచి డబ్బు కదలనంత వరకు, విదేశంలో ఉన్న దగ్గరి బంధువుతో కలిసి పేరు పెట్టుకోవడానికి 2022 నాటి నిబంధనలు ఒప్పుకుంటాయి. అయితే ఆయన మొదటి రోజు నుంచే ఇక్కడి సాధారణ నివాసి కనుక, కొడుక్కి పదేళ్ల తరువాత వచ్చే షెడ్యూలు ఆయనకు వచ్చే ఏడాదే వస్తుంది. ఏటా పింఛను కాగితం ఒక్కటి తెచ్చి నా చేత సహజ్ అనే చిన్న రిటర్ను ఫారం వేయించుకునే మనిషి, ఇకపై పెద్ద ఫారమైన ఐటీఆర్-2లో దుబాయి ఫ్లాటు కొన్న తేదీ, కొన్న ధర, వచ్చిన అద్దె రాసుకుంటూ పోవాలి. ఆయన కొంచెంసేపు ఆ రంగుల పుస్తకం తిరగేసి, "అయితే నా పేరు తీసెయ్యండి బావా, ఆడి పేరే ఉండనివ్వండి" అని పుస్తకం కొడుకు చేతికి ఇచ్చేశారు.