1938లో అలిగితే ఎక్కడికి పోతాడు?

నిన్న రాత్రి ఒంటిగంట దాకా పాత కాలం బేస్‌బాల్ సిమ్యులేషన్ గేమ్ ముందే కూర్చున్నాను. ఏడాది 1938, టీమ్ న్యూయార్క్ యాంకీస్, నడిపేది నేను. టీమ్ స్టార్ ఆటగాడు జో డిమాజియో జీతం పెంచమన్నాడు, కుదరదన్నాను. అతని పేరు పక్కన నవ్వుమొహం బొమ్మ కాస్తా ఎర్రబడింది. "సీజన్ అయ్యాక వేరే టీమ్‌కి వెళ్లిపోతా" అని మెసేజ్!

ఎక్కడికి వెళ్తావు నాయనా? అప్పట్లో కాంట్రాక్టుల్లో రిజర్వ్ క్లాజ్ అనే నిబంధన ఉండేది. కాంట్రాక్టు అయిపోయినా ఆటగాడు ఆ క్లబ్ సొత్తే. 1975 చివర్లో ఆర్బిట్రేటర్ (మధ్యవర్తి) ఆటగాళ్లకు అనుకూలంగా తీర్పు ఇచ్చేదాకా అదే కథ.

నిజంగానే ఆ ఏడాది డిమాజియో 40,000 డాలర్లు అడిగాడు. ఓనర్ 25,000 దగ్గర బిగుసుకుపోయాడు. సీజన్ మొదలైనా ఇతను రాలేదు. చివరికి ఆ 25,000కే దిగొచ్చాడు. పైగా మైదానంలో జనం గేలి చేశారు, పాపం.

గేమ్ లెక్క ప్రకారం డబ్బు తగ్గితే మూడ్ పోవాలి, మూడ్ పోతే బ్యాటింగ్ పడిపోవాలి. మరి ఆ అవమానాల ఏడాదిలోనే అతను 32 హోమ్ రన్లు (మన సిక్సర్ల లాంటివి) కొట్టాడు. ఏ ఫార్ములాలో పెడతారు దీన్ని?

గేమ్‌లో ఫ్రీ ఏజెన్సీ (కాంట్రాక్టు అయ్యాక ఆటగాడు నచ్చిన టీమ్‌కి వెళ్లే వీలు) ఆఫ్ చేసి మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాను. తొమ్మిదికి ఆఫీసు మీటింగ్ ఉందన్న సంగతి అప్పుడు గుర్తు రాలేదు.