నాలో చాలా వోల్టేజీ ఉంది

జర్మనీలో ప్యానెల్ బోర్డుల మెయింటెనెన్స్ పనిలో చేరి అప్పటికి రెండు నెలలు. మర్నాడు మా మైస్టర్ (మాకు పని చూపించే పెద్ద మేస్త్రి) ముందు ప్రాక్టికల్ పరీక్ష. అది దాటితేనే పక్కన ఎవరూ లేకుండా ప్యానెల్ తలుపు తెరవనిస్తారు. మధ్యాహ్నం విరామంలో తోటి ఎలక్ట్రీషియన్ ఎలా ఉన్నావని అడిగాడు. టెన్షన్‌గా ఉందని చెప్పాలి. ఫోన్‌లో డిక్షనరీ తెరిచి 'టెన్షన్' అని కొడితే 'ష్పన్నుంగ్' అని వచ్చింది. ఇంకేం, 'ఇష్ హాబె ఫీల్ ష్పన్నుంగ్' అనేశాను.

అతను నవ్వలేదు. టూల్ బ్యాగ్‌లోంచి రెండు మొనల టెస్టర్ తీసి, ఒక మొన నా మోచేతికి ఆనించి, డిస్‌ప్లే వంక సీరియస్‌గా చూస్తూ అడిగాడు: "ఎంత? 230 ఆ, 400 ఆ?"

ష్పన్నుంగ్ అంటే వోల్టేజీ. నాలో బోలెడంత వోల్టేజీ ఉందని చెప్పుకున్నానన్నమాట. మన టెన్షన్‌కి అక్కడ మామూలుగా వాడే మాట 'నెర్వ్యోస్'.

నిజానికి ఈ తికమక మనకు కొత్త కాకూడదు. హైటెన్షన్ తీగలు తగిలి ప్రమాదం అని పేపర్లో చదువుతాం, ఆ పేజీ తిప్పుతూనే రిజల్ట్స్ టెన్షన్ గురించి మాట్లాడుకుంటాం. ఆ టెన్షనూ ఈ టెన్షనూ ఒకటేనని నాకెప్పుడూ తట్టలేదు. రెంటికీ మూలం లాటిన్‌లో లాగి బిగించడం అనే మాట. జర్మన్ ష్పన్నుంగ్ కూడా అంతే, వింటినారి లాగినప్పుడు ఉండే బిగువు. వాళ్ల పాఠాల్లో వోల్టేజీకి గుర్తు కూడా వి కాదు, యు. ఓమ్ సూత్రాన్ని యు, ఆర్, ఐ అని వరసగా పెట్టి 'ఊరి' అని గుర్తుపెట్టుకుంటారు. చిన్నప్పటి నుంచి వి ఈజ్ ఈక్వల్ టు ఐఆర్ అని వల్లించిన నోటికి అది అలవాటు కావడానికి చాలా రోజులే పట్టింది.

మాట ఒకటే అయినా అది వాళ్ల నోట్లో నడిచిన దారి వేరు. ఊపిరి బిగబట్టి చదివించే నవల 'ష్పన్నెంట్'. ఆఖరి నిమిషం దాకా తేలని ఫుట్‌బాల్ మ్యాచ్ ష్పన్నెంట్. అంతుపట్టని ఫాల్ట్ దొరికినా మా మైస్టర్ చేతులు రుద్దుకుంటూ ష్పన్నెంట్ అంటాడు. మనమేమో టెన్షన్ 'పడతాం', కష్టపడినట్టు, భయపడినట్టు. (సంతోషపడటం కూడా ఉందనుకోండి, కానీ టెన్షన్‌ని ఆ వరసలో కూర్చోబెట్టలేం.)

పరీక్ష రోజు పొద్దున్నే మైస్టర్ నన్ను చూసి 'ఇష్ బిన్ గెష్పాంట్' అన్నాడు. ఈయనకూ టెన్షనేనా అని జాలిపడ్డాను. దానర్థం 'ఎలా చేస్తావో చూడాలని ఆత్రంగా ఉంది' అని తర్వాత తెలిసింది.

వర్క్‌షాప్ గోడ మీద అయిదు సూత్రాల బోర్డు ఉంటుంది: సప్లై తెంచు, మళ్లీ ఎవరూ ఆన్ చేయకుండా తాళం వెయ్యి, వోల్టేజీ లేదని నిర్ధారించుకో, ఎర్త్ చేసి షార్ట్ చెయ్యి, పక్కన లైవ్‌లో ఉన్నవాటిని కప్పు. స్తంభం ఎక్కే ముందు మన లైన్‌మన్లు 'ఎల్సీ తీసుకున్నావా?' అని, అంటే సప్లై ఆపించి లైన్ క్లియర్ తీసుకున్నావా అని అడుగుతారే, ఆ జాగ్రత్తే ఇది. మొదటి రెండూ బాగానే చేశాను. మూడో దానికి అలవాటు కొద్దీ జేబులోంచి నియాన్ బల్బున్న టెస్టర్ తీశాను. మైస్టర్ దాన్ని నా చేతిలోంచి లాక్కుని బల్ల మీద పెట్టాడు. దాని ముద్దుపేరు 'ల్యూగెన్‌ష్టిఫ్ట్', అబద్ధాల పెన్సిల్. ఆ బల్బు వెలగాలంటే మన ఒంట్లోంచి నేలకు కాస్త కరెంటు పోవాలి. చెక్క నిచ్చెన మీదో మందపాటి రబ్బరు బూట్లతోనో నిలబడితే అది వెలగకపోవచ్చు, ఎండలో వెలిగినా కనపడకపోవచ్చు. వెలగలేదు కాబట్టి సప్లై లేదనుకుని చెయ్యి పెడితే అంతే.

రెండు మొనల టెస్టర్ ఇచ్చాడు. ముందు లైవ్‌లో ఉన్న సాకెట్‌లో అది పనిచేస్తోందని చూసి, తర్వాత ప్యానెల్లో పెట్టి, 'ఇక్కడ వోల్టేజీ లేదు' అన్నాను.

"దేనికీ దేనికీ మధ్య?" అన్నాడు.

ఫేజ్‌కీ న్యూట్రల్‌కీ, ఫేజ్‌కీ ఎర్త్‌కీ, మూడు ఫేజులకూ వాటిలో వాటికీ అన్నీ కొలిపించాడు. చివర్న మళ్లీ సాకెట్ దగ్గరికి పంపి టెస్టర్‌ని ఇంకోసారి చూపించమన్నాడు. వోల్టేజీ ఒక చోట ఉండదు, రెండు చోట్ల మధ్య ఉంటుంది. స్కూల్లో 'పొటెన్షియల్ భేదం' అని నేర్చుకున్నాం. భేదం అనే మాట అందులోనే ఉంది, పరీక్షలో రాశాం కానీ చేతికి ఎక్కలేదు. ఇక్కడ న్యూట్రల్ నీలం రంగు. మన పాత వైరింగ్‌లో నీలం అంటే ఒక ఫేజ్. అందుకే ప్రతిసారీ చెయ్యి ఒక్క క్షణం ఆగేది.

పరీక్ష అయి బయటికొచ్చేసరికి నిన్నటి పెద్దమనిషి టెస్టర్‌తో తయారుగా ఉన్నాడు. ఒక మొన నా మోచేతికి ఆనించి, డిస్‌ప్లే చూసి, 'ష్పన్నుంగ్స్‌ఫ్రై' అని ప్రకటించాడు. వోల్టేజీ లేదట.

"దేనికీ దేనికీ మధ్య?" అన్నాను.

రెండో మొన వైపు ఒకసారి చూసుకుని, దాన్ని తన మోచేతికి ఆనించుకున్నాడు.