సాక్షి సంతకానికి యాభై మైళ్ళు

కాలిఫోర్నియాలో రిచ్మండ్ వంతెన ఎక్కగానే టోలు కింద ఎనిమిది డాలర్లు కోసేశారు. డాలర్లని రూపాయల్లోకి మార్చుకోవద్దని మా అబ్బాయి నేను దిగిన రోజే చెప్పాడు. కానీ కలెక్టరాఫీసులో 34 ఏళ్ళు బిల్లులు చూసిన బుర్ర ఊరుకుంటుందా? దాదాపు ఏడొందలు! ఆ డబ్బుతో మా ఊరి నుంచి రాజమండ్రి వెళ్ళి, రోజ్‌మిల్క్ తాగి, తిరిగి రావచ్చు.

వెళ్తున్నది పెళ్ళికి. మావాడి స్నేహితుడూ, ఆ అమ్మాయీ వీసా కాగితాల కోసం ముందు రిజిస్టరు పెళ్ళి చేసుకుంటున్నారు. అసలు పెళ్ళి మాఘమాసంలో ద్వారకా తిరుమలలో. ఏ కౌంటీలో లైసెన్సు తీసుకున్నా కాలిఫోర్నియా అంతా చెల్లుతుందట. అలాంటప్పుడు ఉన్న ఊరు ఫ్రీమాంట్ వదిలి శాన్ రఫేల్ దాకా ఎందుకమ్మా అంటే, ఆర్కిటెక్చర్ చదివిన ఆ పిల్ల, "ఆ బిల్డింగ్‌లోనే చేసుకోవాలంకుల్" అంది. పెళ్ళికొడుకు ఏమీ మాట్లాడలేదు. అలవాటు పడుతున్నాడు కాబోలు.

కౌంటీ అంటే మన జిల్లా అనుకోండి. అయిదుగురు సూపర్వైజర్లు ఏలుతారు. ఆ మాట వింటే నాకు అంగన్‌వాడీ సూపర్వైజర్లే గుర్తొచ్చారు.

101 హైవే దిగి మలుపు తిరగ్గానే కనబడింది మెరిన్ కౌంటీ సివిక్ సెంటర్. గుట్టకీ గుట్టకీ మధ్య పడుకున్న పొడుగాటి కట్టడం. మీద లేత నీలం కప్పు, కింద వరసగా ఆర్చీలు, మధ్యలో బంగారు రంగు స్తంభం ఒకటి ఆకాశంలోకి. అమెరికాలో పేరుమోసిన ఆర్కిటెక్టు ఫ్రాంక్ లాయిడ్ రైట్ గీసింది. 1957లో ఈ పని ఒప్పుకునేనాటికి ఆయన వయసు 90. మా ఆఫీసులో 58కే మమ్మల్ని దండేసి పంపించేవారు. కప్పుకి బంగారు రంగే అనుకున్నారట, ఎండకీ వానకీ నిలిచే పూత దొరక్క నీలం వేశారట. ఆ ఆర్చీలు బరువు మొయ్యవనీ, ఉత్త అలంకారమేననీ పెళ్ళికూతురు చెప్పింది. అదేమిటో, నాకు కాస్త నిరుత్సాహం కలిగింది.

లోపలికెళ్ళాక మాత్రం నోట మాట రాలేదు. ఇది మా అమ్మమ్మగారి మండువా లోగిలి! నట్టనడుమ ఖాళీ, దాని చుట్టూ అంతస్తులు, పైనుంచి వెలుతురు. పైకెళ్ళేకొద్దీ ఆ ఖాళీ వెడల్పవుతుంది. నడిమి భాగాన్ని రైట్ ఆకాశానికి వదిలేశాడట, తర్వాతవాళ్ళు అద్దంలాంటి మూత పెట్టారు. మా మండువాలో వాన పడితే ఇత్తడి గంగాళాలు పెట్టేవాళ్ళం. ఇక్కడ మొక్కలు పెట్టారు.

పై అంతస్తు పిట్టగోడ దగ్గర నిలబడితే కింద కౌంటర్లన్నీ కనబడతాయి. ఎవరు సీట్లో ఉన్నారో, ఎవరు లేరో కూడా. మా ఆఫీసుకి ఇలాంటి నడిమి ఖాళీ ఉండుంటే టీకి వెళ్ళిన గుమాస్తాని "ఇప్పుడే సైటుకెళ్ళారండి" అని ఎవరు కాపాడేవారు? ఆ మాట నేనే వందసార్లు చెప్పాను.

ఈ కట్టడం తేలిగ్గా పూర్తి కాలేదు. అప్పటికి ఊరంతా చెల్లాచెదురుగా ఉన్న ఆఫీసుల్ని ఒక్కచోటికి తేవాలని, ఆ పని రైట్‌కే ఇవ్వాలని పట్టుబట్టినవాళ్ళలో ముందుండేది వెరా షుల్ట్జ్, ఆ కౌంటీకి తొలి మహిళా సూపర్వైజరు. 1959లో రైట్ పోయాడు. 1960లో శంకుస్థాపన. ఆ ఏడు ఎన్నికల్లో ఆవిడ ఓడిపోయింది. 1961 జనవరిలో కొత్తవాళ్ళు రాగానే పని ఆపించి, దీన్ని ఆసుపత్రి చేద్దామా అని ఆలోచించారు. జనం గోల చేస్తే కొద్దిరోజుల్లోనే మళ్ళీ మొదలెట్టారు. 1962లో ఆఫీసులున్న ఈ భాగం తెరిచారు. సర్కారు మారితే గోడలు ఆగిపోవడం మనకి కొత్తా? కొద్దిరోజుల్లో మొదలవడమే కొత్త.

సాక్షిని కదా అని పాస్‌పోర్టు, దాని జిరాక్సులు రెండు, ఫోటోలు నాలుగు లోపలి జేబులో పెట్టుకొచ్చాను. మన దగ్గర స్పెషల్ మ్యారేజి చట్టం కింద ముగ్గురు సాక్షులు కావాలి, 30 రోజుల నోటీసు కావాలి. ఇక్కడ ఒక్కడు చాలు, వాడెవడో ఎవరూ అడగలేదు. జేబు తడుముకుంటూ కూచున్నాను.

కౌంటర్లో ఉన్నావిడకి మా పిల్లల వయసుంటుంది. మావాడి స్నేహితుడి పేరు పాస్‌పోర్టులో ఇంటిపేరుతో కలిపి ఒకే తోకలా ఉంది. ఆవిడ తెరని వాళ్ళవైపు తిప్పింది. పెన్సిల్ మొనతో ఒక్కో అక్షరం చూపిస్తూ, "ఇదేనా? ఇదేనా?" అని అడిగింది. వెనక మనుషులున్నారు, అయినా తొందరపడలేదు. ఒకసారి తప్పు పడితే దిద్దించుకోవడం ఎంత యాతనో ఆ గుమాస్తాకి తెలుసు. నాకూ తెలుసు. సర్వీసంతా నేను దిద్దిన పేర్లలో సగం, ముందే ఇలా చూపించుంటే వచ్చేవే కావు.

చిన్న గదిలో పెళ్ళి. అయిదు నిమిషాలు కూడా పట్టలేదు. ఆ తర్వాత నా ముందు కాగితం పెట్టి, కొట్టివేతలు ఉండకూడదు, గీత దాటకూడదు అన్నారు. మా దగ్గర కొట్టేసి పక్కన పొట్టి సంతకం పెడితే సరి. ఇక్కడ ఆ దారి లేదు. తప్పు పడితే లైసెన్సు మళ్ళీ తీసుకోవాలేమో! నా సంతకం చివర ఒక కొమ్ముంటుంది, జీతాల బిల్లు మీద ఎప్పుడూ పక్క గడిలోకి పోయేది. ఊపిరి బిగబట్టి, కొమ్ము సగంలోనే తుంచేశాను. చిరునామా గడిలో డోరు నంబరు, ఊరు, జిల్లా రాశాను. మండలానికి చోటు లేదు.

బయట చెరువు గట్టున బాతులు. మా ఆవిడ కట్టిచ్చిన పులిహోర డబ్బా విప్పాం. పళ్ళేలు మర్చిపోయాం, పెళ్ళికూతురు మూతలో పెట్టుకు తింది.