తలుపు తీసిన చెయ్యి

సియాటిల్‌లో ఒక హోటల్‌లో మూడేళ్లు రాత్రి డ్యూటీ చేశాను. పదకొండుకు ఎక్కితే పొద్దున ఏడుకు దిగడం. గది కార్డులు ఇవ్వడం, ఆ రోజు లెక్కలు ముగించడం, తెల్లవారుజామున విమానం అందుకోవలసిన వాళ్లను ఫోను చేసి లేపడం నా పని. చొక్కాకు తగిలించే బిళ్ల మీద సుబ్రహ్మణ్యం పట్టదని 'సుబు' అని అచ్చు వేయించారు. మా నాన్న పెట్టిన పేరులో మొదటి రెండు అక్షరాలే ఆ ఊళ్లో నాకు మిగిలాయి.

నాన్న తెనాలి దగ్గర మా ఊళ్లో వ్యవసాయం చేస్తూ, రాత్రిళ్లు పౌరాణిక నాటకాల్లో కృష్ణుడి వేషం కట్టేవారు. ఒక రాత్రి లెక్కలు చూస్తూ, ఆయన నేర్పిన పద్యం తెలియకుండానే ఎత్తుకున్నాను. ఫలహారాల గది సర్దడానికి వచ్చిన పెద్దావిడ రాగం ముగిసేదాకా ఆగి, "తాళం లేకుండా, వాయిద్యం లేకుండా ఇలాగే పాడే మనిషి ఒకరు ఈ ఊళ్లోనే పోయారు, విన్నావా?" అన్నారు. ఆవిడ తాతలు ఐర్లండ్ నుంచి వచ్చినవాళ్లు. అలా నాకు జో హీనీ తెలిశారు.

ఆయనకూ పేరు ఒకటి కాదు. అమెరికాలో జో హీనీ, కాగితాల మీద ఐరిష్ భాషలో షోసవ్ ఓ హేనీ, పుట్టిన ఊళ్లో జో ఏన్యూ. ఐర్లండ్ పడమటి తీరంలో, గాల్వే జిల్లా కానమారా ప్రాంతంలో కార్నా అనే ఊరు ఉంది. రాతి నేల, రాతి గోడలు, ఎదురుగా అట్లాంటిక్ సముద్రం. 1919 అక్టోబరు 1న అక్కడ పుట్టారు. ఇంట్లో మాట్లాడేది ఐరిష్, ఇంగ్లీషు బడిలో నేర్చుకున్నదే. తండ్రి కూడా గాయకుడు.

వాళ్ల పాటను 'షాన్ నోస్' అంటారు, పాత పద్ధతి అని అర్థం. ఒంటరి గొంతు, పక్కన ఏ వాయిద్యమూ ఉండదు. మాట ఎంత సాగితే రాగం అంత సాగుతుంది. పాడమని అడిగేటప్పుడు వాళ్లు "పాట చెప్పు" అంటారట. మనం "ఒక పద్యం చెప్పు" అన్నట్టే! ఈ సంగతి తెలిసిన రోజు నాకు నిద్ర పట్టలేదు. వినేవాళ్లలో ఒకరు గాయకుడి చెయ్యి పట్టుకుని, పాటతో పాటు మెల్లగా తిప్పుతూ ఉంటారు, చేద దగ్గర గిలక తిరిగినట్టు. పాడే మనిషిని ఒంటరిగా వదలకూడదని అలా చేస్తారని నేను అనుకుంటాను.

గుడ్‌ఫ్రైడే నాడు పాడే, ఏసు శిలువ కోసం ఏడ్చే ముగ్గురు మరియల శోకాన్ని ఆయన గొంతులో రాత్రి మూడింటికి విన్నాను. ప్రతి చరణం చివరా "ఓఖోన్, ఓఖోన్" అని ఒక మూలుగు వస్తుంది. భాష ముక్క కూడా రాదు నాకు. అయినా మా ఊళ్లో ఆడవాళ్లు శవం పక్కన కూర్చుని శోకాలు పెట్టి ఏడ్చేటప్పుడు ఊపిరి ఎక్కడ తెగుతుందో, సరిగ్గా అక్కడే ఆయన ఊపిరీ తెగింది. ఎవరైనా వస్తారేమోనని తలుపు వైపు చూస్తూ, కళ్లు తుడుచుకుంటూ విన్నాను.

బతుకు మాత్రం కూలి బతుకే. స్కాట్లండ్‌కు, తరవాత ఇంగ్లండ్‌కు వెళ్లి, కట్టడాల దగ్గర పని చేశారు. స్కాట్లండ్‌లో పెళ్లి చేసుకుని, ఆ భార్యాబిడ్డలకు దూరమయ్యారు. ఎంత ఇష్టమున్నా ఆ మాట దాచడం నాకు చేతకాదు. 1965లో అమెరికాలోని న్యూపోర్ట్ జానపద ఉత్సవంలో పాడి, మరుసటి ఏడు న్యూయార్క్ చేరారు. అక్కడ సెంట్రల్ పార్క్ పక్కన ధనవంతులుండే భవనంలో డోర్‌మన్‌గా ఏళ్ల తరబడి పనిచేశారు. వచ్చేవాళ్లకు తలుపు తీయడం, వెళ్లేవాళ్లకు టాక్సీ పిలవడం.

ఆ పనిలో తక్కువేమీ లేదు, నేను చేసినదీ దాదాపు అదే. నన్ను కలచివేసేది వేరే. వందల పాటలు కంఠస్థమైన మనిషి తలుపు తీస్తుంటే, ఆయన ముందు నుంచి రోజూ నడిచి వెళ్లినవాళ్లలో ఎందరు "ఒక పాట చెప్పండి" అని అడిగి ఉంటారు? 1979లో అమెరికన్ స్వరకర్త జాన్ కేజ్ తన 'రోరటోరియో' అనే సంగీత రచన కోసం ఆయన గొంతునే కోరుకున్నారు. 1982లో అమెరికా ప్రభుత్వం జానపద కళాకారులకు జాతీయ వారసత్వ పురస్కారాలు మొదలుపెట్టినప్పుడు, ఆ తొలి జాబితాలో పేరుమోసిన సంగీతకారుడు బిల్ మన్రో వంటి వారితో పాటు ఈ డోర్‌మన్ పేరూ ఉంది. చివరి రెండేళ్లూ సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో విద్యార్థులకు పాట నేర్పారు. ఊపిరి మీద నిలిచే పాట ఆయనది, ఊపిరితిత్తుల జబ్బే ఆయనను తీసుకుపోయింది. 1984 మే 1న సియాటిల్‌లో పోయారు. కార్నాకు తీసుకువెళ్లి అక్కడి మట్టిలోనే పెట్టారు.

ఆ హోటల్‌లో నా చివరి రాత్రి పెద్దావిడ కాస్త ముందే వచ్చారు. కౌంటర్ మీదుగా చెయ్యి చాపి నా చెయ్యి పట్టుకుని, "చెప్పు" అన్నారు. నాన్న పద్యం ఎత్తుకున్నాను. ఆవిడ నా చెయ్యి మెల్లగా తిప్పసాగారు. రెండో పాదంలో ఉండగా లిఫ్టు తెరుచుకుని ఎవరో పెట్టె లాక్కుంటూ వచ్చారు. నేను ఆపబోయాను. ఆవిడ చెయ్యి వదల్లేదు.