రివాల్వర్‌తో జింక వేట: తమ్ముడికి రాసిపెడుతున్న మాటలు

తిరుపతికి వచ్చినప్పుడల్లా మా చిన్నాన్న కొడుకు అడిగేది ఒకటే: "అన్నా, రైఫిలుండగా రివాల్వర్ ఎందుకు?" ఈసారి అలిపిరి మెట్లదారిలో, జింకల పార్కు కంచె దగ్గర కూడా అదే అడిగినాడు. వాడూ చదువుకు టెక్సాస్ వస్తున్నాడు కాబట్టి ఇక్కడ రాసిపెడుతున్నా.

ఇదంతా టెక్సాస్ సంగతి. మన శేషాచలంలో దుప్పినైనా కణితినైనా వేటాడటం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. ఆ అడవి అట్లే ఉండాల, అందులో నాకు రెండో మాట లేదు.

రివాల్వర్ పట్టినోడు జింకకు బాగా దగ్గరికి పోవాల్సిందే. గాలి ఎటు వీస్తోందో, కాలికింద ఆకు ఎంత ఎండిందో చూసుకుంటూ పోవాల. నాకు అదే ఇష్టం.

నాది .44 మాగ్నం అనే బలమైన తూటా పేల్చే రివాల్వర్, రూగర్ కంపెనీ సూపర్ బ్లాక్‌హాక్, 7.5 అంగుళాల బ్యారెల్ (గొట్టం). మొదట్లోనే మాగ్నం తూటాలు పేల్చొద్దు. అందులోనే .44 స్పెషల్ తూటాలూ పడతాయి, చేతికి దెబ్బ తక్కువ. మోతకు భయపడటం అలవాటైతే ట్రిగ్గర్ కదలకముందే చెయ్యి ఉలిక్కిపడుతుంది, ఆ జబ్బు వదిలించుకోవడం కష్టం. చెవులకు మఫ్‌లు తప్పనిసరి. ఇంకోటి గట్టిగా చెప్తా. తూటాలు పెట్టే సిలిండర్‌కూ బ్యారెల్‌కూ మధ్య సన్నసందులోంచి మండే వాయువు పక్కలకు కొడుతుంది. రైఫిల్‌కు పట్టినట్టు ఎడమచెయ్యి ముందుకు పెడితే వేళ్లకే ప్రమాదం.

గురికి టిఫిన్ పెట్టే కాగితం ప్లేటు చాలు. జింక గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు దాదాపు అంతే, 8 అంగుళాలు. చెట్టుకు వీపు ఆనించి, మోచేతులు మోకాళ్ల మీద పెట్టి 25 గజాల నుంచి మొదలుపెట్టు. అన్ని తూటాలూ ప్లేటులోనే పడుతుంటే కొంచెం వెనక్కి జరుగు. ఒక్కటి బయటికి పోయిందా, దానికి ముందున్న దూరమే నీ హద్దు. నాది 50 గజాలు. 60లో ఎంత కొమ్ముల జింక నిలబడినా హ్యామర్ లాగను. గాయంతో పొదల్లోకి పోయి చచ్చే జింకను తలుచుకుంటే నాకు అన్నం దిగదు.

జింక పక్కకు తిరిగి నిలబడినప్పుడే, ముందుకాలికి కాస్త వెనగ్గా కాల్చాల. కాల్చినాక వెంటనే వెంట పరిగెత్తొద్దు, అరగంట కూర్చో.

స్టూడెంట్ వీసా మీద వచ్చేవాళ్లు అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం తుపాకి పట్టకూడదు. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉంటే మినహాయింపు ఉంది. అందుకే తమ్ముడూ, ముందు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు, తర్వాత లైసెన్సు. అది చేతికొచ్చేదాకా రేంజిలో కూడా నా రివాల్వర్ నీకివ్వను.