గుర్తు సుమేరియన్‌ది, చదివేది హిట్టైట్‌లో

మట్టి పలకల మీద మేకు ఆకారపు గుర్తులతో రాసే క్యూనిఫాం లిపిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైంది ఇప్పటి టర్కీలో ఒకప్పుడు రాజ్యమేలిన హిట్టైట్ వాళ్ళు దాన్ని వాడుకున్న తీరు. ఈ లిపి క్రీ.పూ. 3200 ప్రాంతంలో ఇప్పటి దక్షిణ ఇరాక్‌లో సుమేరియన్ల దగ్గర మొదలైంది, వాళ్ళ నుంచి పొరుగునే వేరే భాష మాట్లాడే అక్కాడియన్లు తీసుకున్నారు, అక్కణ్ణుంచి ఇంకా చాలామందికి పాకింది, టర్కీలోని హిట్టైట్ల దాకా వచ్చేసరికి సుమేరియన్ మాట్లాడేవాళ్ళే లేరు. అయినా గుర్తులు బతికే ఉన్నాయి!

రాజు అనే గుర్తుని సుమేరియన్లు లుగల్ అని చదివేవాళ్ళు, అదే గుర్తు చూసి అక్కాడియన్ లేఖకుడు షర్రు అనేవాడు, హిట్టైట్ వాడు హస్సుస్ అనేవాడు. మరి విభక్తి ఎలా తెలుస్తుంది అంటే, గుర్తు పక్కన తమ మాట చివరి అక్షరాలు తగిలించేవాళ్ళు, రాజు అయితే లుగల్-ఉస్, రాజుని అయితే లుగల్-ఉన్. మనం 5వ అని రాసి ఐదవ అని చదువుతాం కదా, అచ్చం అలాగే.

ఈ అలవాటే తర్వాత హిట్టైట్ భాషని బయటపెట్టింది. 1906 నుంచి బోగజ్‌కోయ్ (టర్కీలో హిట్టైట్ల పాత రాజధాని ఉన్న చోటు) తవ్వకాల్లో వేల పలకలు దొరికాయి, లిపి చదవగలుగుతున్నారు గానీ భాష అర్థం కావట్లేదు. చెక్ పండితుడు బెద్రిచ్ హ్రోజ్నీ ఒక వాక్యం పట్టుకున్నాడు: ను నిందా-అన్ ఎజ్జత్తేని, వాతర్-మ ఎకుత్తేని. ఇందులో నిందా సుమేరియన్ గుర్తు, రొట్టె అని ముందే తెలుసు. రొట్టె ఉందంటే పక్కన తినడం ఉండాలి కదా, ఎజ్జ అన్నది తినడం అనే జర్మన్ మాట ఎస్సెన్‌లా ఉంది, వాతర్ అయితే ఇంగ్లీష్ వాటరే. మీరు రొట్టె తింటారు, నీళ్ళు తాగుతారు, అంతే! హిట్టైట్ ఇండో-యూరోపియన్ భాష, అంటే సంస్కృతం, జర్మన్, ఇంగ్లీష్‌ల కుటుంబానిదే అని 1915లో ప్రకటించాడు. ఒక్క రొట్టె గుర్తు మీద ఇంత కథ నిలబడిందంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది.

కానీ అదే అలవాటు కొన్ని మాటల్ని దాచేసింది కూడా. గుర్రాన్ని సుమేరియన్‌లో 'కొండ గాడిద' అని అర్థం వచ్చే గుర్తులతో రాసేవాళ్ళు, హిట్టైట్ లేఖకులూ వాటినే వాడి చివర ఉస్ తగిలించారు, తమ మాటని అక్షరాలు విడదీసి రాసిన పలక దొరకలేదు. రథాల మీద యుద్ధాలు చేసి, గుర్రాలకి శిక్షణ ఎలా ఇవ్వాలో పలకల నిండా రాయించుకున్న వాళ్ళు, ఆ గుర్రాన్ని ఏమని పిలిచారో పండితులు ఆ ఉస్ పట్టుకుని ఊహించాల్సి వస్తోంది.