నా కొట్టు మూతపడే దేశం

ఆగస్టు వచ్చిందంటే మా కొట్టుకు స్కూలు పిల్లల గిరాకీ మొదలవుతుంది. ‘నా కలల భారతం’ అని వ్యాసం రాసుకురమ్మని అయివార్లు చెప్తారు. పిల్లలు ఫోన్లో దొరికింది తెచ్చి ప్రింటు తీయమంటారు. ప్రింటరు కదిలే లోపల నేనూ ఒక కన్నేస్తాను. అవినీతి లేని దేశం, పేదరికం లేని దేశం, కాలుష్యం లేని దేశం. అన్నీ లేనివే. ఆ దేశంలో ఏముంటుందో, పొద్దున లేచిన మనిషికి అక్కడ ఏం జరుగుతుందో ఏ కాగితంలోనూ ఉండదు. పిల్లలననేముంది, జెండా కింద మైకు పట్టుకున్న పెద్దలు చెప్పేదీ అదే.

నన్ను ఎవరూ రాయమనలేదు. రాయమంటే నాది ఒకటే కోరిక. నా కొట్టు మూతపడే దేశం కావాలి.

మాది అనంతపురం జిల్లాలో ఒక మండల కేంద్రం. మండలాఫీసు గేటుకు ఎదురుగా నా కొట్టు. జిరాక్స్, లామినేషన్, ఆన్‌లైన్ అప్లికేషన్లు, పాస్‌పోర్టు సైజు ఫోటోలు. బోర్డులో వీటన్నిటికీ పైన ‘అర్జీలు వ్రాయబడును’ అని ఉంటుంది, అది మా నాయన రాయించిన మాట. నాయన ఈ జాగాలోనే చింతచెట్టు కింద రేకుపెట్టె ముందు పెట్టుకుని అర్జీలు రాసేవాడు. మొదలుపెట్టడమే ‘మహారాజశ్రీ తహశీల్దారు గారి దివ్య సముఖమునకు’ అని. మహారాజులు పోయి అప్పటికే చాలా ఏళ్ళయింది. నేను కంప్యూటర్లో ఆ దివ్య సముఖం తీసేశాను గానీ, అర్జీ పట్టుకుని లోపలికి పోయే మనిషి మాత్రం మారలేదు. గేటు దాటేటప్పుడే భుజం మీది తువ్వాల తీసి చంకలో పెట్టుకుంటాడు. ఎవరూ చెప్పకపోయినా చెప్పులు వాకిట్లోనే విడుస్తాడు. అడగడానికి పోయేది తన సొంత చేను కాగితం, నిలబడే తీరు మాత్రం అప్పు అడిగేవాడిది. ఎదురుగా కుర్చీ ఖాళీగా ఉన్నా కూర్చోడు. కూర్చోమని అనేవాళ్ళూ తక్కువే.

దూరం తగ్గలేదని నేను అనను. 1984లో కరణాలు, మునసబుల పద్ధతి తీసేసినప్పుడు జనం ఎంత సంబరపడ్డారో నాయన చెప్పేవాడు. ఎవరి చేను ఎంతుందో కరణం నోట్లో ఉండేది కదా. ఆ నోరు పోయింది, ఇక మన లెక్క మన చేతికొస్తుందని ఆశ. మరుసటేడు తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి, బస్సెక్కి పోవాల్సిన ఆఫీసు సైకిల్ మీద పోయే దూరానికి వచ్చింది. 2011లో మీసేవ. 2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయాలు. ఇప్పుడు చాలా ఊళ్ళలో ఆఫీసుకు నడిచిపోవచ్చు. కిలోమీటర్లు నిజంగానే తగ్గాయి. తగ్గనిది తిరుగుడు. ‘సర్వర్ లేదు, రేపు రా.’ ‘సారు మీటింగుకు పోయినాడు.’ ‘ఇది కాదు, ఇంకో కాగితం తేవాల.’

ఇంకో వింత చెప్తాను. కంప్యూటర్లు వచ్చాక మా నాయనలాంటివాళ్ళ అవసరం తీరిపోవాలి కదా. తీరలేదు సరికదా, నా కొట్టు పెరిగింది. నాయనకు రేకుపెట్టె ఒకటే, నాకు రెండు కంప్యూటర్లు, సాయానికి ఒక కుర్రోడు. ఇదివరకు రాయడం రానివాళ్ళు వచ్చేవాళ్ళు. ఇప్పుడు బాగా చదువుకున్నవాళ్ళు కూడా ఏ వెబ్‌సైట్లో ఏ గడి నింపాలో తెలియక వస్తున్నారు. ముసలోళ్ళ ఓటీపీ బెంగుళూరులో కొడుకు ఫోనుకు పోతుంది. కొడుకేమో కట్టే బిల్డింగు మీద ఎక్కడో పైన ఉంటాడు, వాడు ఫోను ఎత్తే లోపల టైమైపోతుంది. మళ్ళీ మొదటి నుంచి. నేను దానికీ డబ్బులు తీసుకుంటాను, తీసుకోక తప్పదు, అద్దె కట్టాలి. జనం ఇబ్బంది పడితేనే నాకు గిరాకీ. అందుకే ఈ విషయం మీద మాట్లాడే హక్కు నాకు కొంచెం ఎక్కువే ఉందనుకుంటాను.

మొన్న ఒక పెద్దాయన వచ్చాడు. ఆయన పేరు చివర ‘ప్ప’ ఉంది. ఆధార్‌లో దానికి పి అక్షరం ఒకటే పడింది, పట్టాదారు పాస్‌బుక్‌లో రెండు పడ్డాయి. ఈ ఒక్క అక్షరం దగ్గర ఆయనకు రావాల్సిన డబ్బు ఆగిపోయింది.

“ఏమప్పా, నా పేరు నాకు తెల్దా? నేనే గదా ఈడ నిలబడుకోని ఉండేది?” అన్నాడు.

“నువ్వే మామా. నువ్వేనని కాగితం ఒప్పుకోవాల గదా” అన్నాను. ఆయన నవ్వలేదు.

ఆలోచించండి. ఆ మనిషి జన్మలో తన పేరు ఇంగ్లీషులో రాసుకోలేదు. ఒకచోట ఒక పి పెట్టిందీ, ఇంకోచోట రెండు పెట్టిందీ రెండూ ప్రభుత్వ లెక్కలు రాసేవాళ్ళే. సరిచేయించుకోవడానికి కూలి మానుకుని తిరగాల్సింది మాత్రం ఆయన. నేను ఊహించే దేశంలో తప్పు ఎవరి పెన్ను నుంచి వచ్చిందో దిద్దుబాటు కూడా అదే పెన్ను చేయాలి. పెద్దాయన ఇంట్లో ఉంటాడు. ‘అయ్యా, మీ పేరు రెండు రకాలుగా ఉంది, ఏది నిజం?’ అని సచివాలయం నుంచి మనిషి వచ్చి అడిగి, అక్కడే దిద్దుకుని పోతాడు. అంతే. దీనికి ఏ విప్లవమూ అక్కర్లేదు.

ధ్రువీకరణ పత్రాల కథా ఇంతే. ఆదాయం కాగితం ఇచ్చేది ఒక ప్రభుత్వ ఆఫీసు, అడిగేది ఇంకో ప్రభుత్వ ఆఫీసు. ఆ రెండూ ఒకదాన్నొకటి అడగవు. మధ్యలో కాలేజీ పిల్ల బస్సు చార్జీలు పెట్టుకుని కాగితం మోస్తుంది. ఎస్టోనియా అని ఒక దేశం ఉందట, అక్కడ ఒకసారి ఇచ్చిన వివరం ప్రభుత్వం మళ్ళీ మనల్ని అడక్కూడదన్నది పద్ధతి అని సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మా మేనల్లుడు చెప్పాడు. దాని జనాభా పదమూడు లక్షల చిల్లర. మా పాత జిల్లా ఒక్కటే 2011 లెక్కల్లో నలభై లక్షలు దాటింది కాబట్టి దాంతో మనకు పోలిక ఏమిటని అనొచ్చు. నేనూ మొదట అదే అన్నాను. కానీ చిన్న దేశమా పెద్ద దేశమా అన్నది కాగితం మోసేవాడి కాళ్ళకు సంబంధం లేని సంగతి.

మనదగ్గరా ఇలాంటి తిప్పలు కొన్ని రాత్రికి రాత్రే పోయాయి. ఆకుపచ్చ సిరా గుర్తుందా? మార్కుల లిస్టు జిరాక్స్ తీసి, దాని మీద గెజిటెడ్ ఆఫీసరు చేత ఆ సిరాతో సంతకం పెట్టించుకోవాలి. మా మండలంలో అంత పెద్ద సంతకం ఉన్నవాళ్ళలో దయగా దొరికేది పశువుల డాక్టరుగారు ఒక్కరే. ఉద్యోగాల నోటిఫికేషన్ పడితే ఆయన ఆస్పత్రి ముందు ఎనుముల కంటే డిగ్రీ పిల్లలే ఎక్కువ ఉండేవాళ్ళు. 2014లో కేంద్రం, ఎవరి కాగితం మీద వాళ్ళే సంతకం పెట్టుకుంటే చాలు, అసలుది చివర్లో చూసుకుందాం అని చెప్పింది. ఏ కొంపా మునగలేదు. నాకు జిరాక్స్ గిరాకీ కూడా తగ్గలేదు. అన్నేళ్ళు ఆ సంతకం దేనికి పెట్టించారో ఇప్పటికీ నాకు అర్థం కాదు.

నా దేశం నాకు పూర్తిగా కనిపించేది మాత్రం పోలింగు రోజున. ఆ ఒక్క రోజు చూడండి. జాబితాలో నీ పేరు నువ్వు వెతుక్కునే లోపలే స్లిప్పు ఇంటికి వస్తుంది. ఓటరు రెండు కిలోమీటర్ల కంటే ఎక్కువ దూరం పోనక్కర్లేకుండా బూత్ ఉండాలన్నది నియమం. గుజరాత్ గిర్ అడవిలో బాణేజ్ అనే చోట ఒకే ఒక్క ఓటరు కోసం సిబ్బంది పెట్టెలు మోసుకుని పోయి పోలింగ్ కేంద్రం పెట్టిన సంగతి పేపర్లలో చదివే ఉంటారు. 2024 లోక్‌సభ ఎన్నికల్లో 85 ఏళ్ళు దాటినవాళ్ళు ముందుగా ఫారం ఇస్తే ఇంటికే వచ్చి ఓటు వేయించుకున్నారు. లైన్లో రెడ్డిగారి వెనక ఆయన చేలో కూలికి పోయే ఆమె నిలబడితే, ఆమె వెనక బ్యాంకు మేనేజరు నిలబడతాడు. వేలికి పెట్టే సిరా అందరికీ ఒకటే.

అసలు మొదటి ఎన్నికల సంగతి తలచుకుంటే నాకు ఇంకా ఆశ్చర్యం. 1951-52లో ఓటర్లు పదిహేడు కోట్లకు పైనే, ఎక్కువమందికి అక్షరం రాదు. ‘ముందు చదవడం నేర్చుకో, తర్వాత ఓటెయ్యి’ అని ప్రభుత్వం షరతు పెట్టలేదు. పార్టీలకు గుర్తులిచ్చారు, అభ్యర్థికో పెట్టె పెట్టి దాని మీద గుర్తు అంటించారు. చదువు రాని మనిషికి తగ్గట్టు ప్రభుత్వం తన ఏర్పాటును మార్చుకుంది. అంత పేదదేశం ఆ రోజు చేయగలిగిన పని, ఇన్ని కంప్యూటర్లున్న దేశం ఒక రేషన్ కార్డు దగ్గర చేయలేదంటే నేను నమ్మను. ఓటు కావాలంటే నన్ను వెతుక్కుంటూ వస్తారు, నాకేదైనా కావాలంటే నేనెవరో నేనే నిరూపించుకోవాలి. తేడా అక్కడుంది.

పింఛను విషయంలో ఆ తేడా కొంత పోయింది, ఒప్పుకోవాలి. ఇప్పుడు మా రాష్ట్రంలో ఒకటో తారీకున ఇంటికే తెచ్చిస్తున్నారు. ఇదివరకు ఆ రోజు మా కొట్టు అరుగంతా ముసలోళ్ళే. ఇప్పుడు అరుగు ఖాళీ. ఆ మేరకు గిరాకీ పోయింది, మా ఇంట్లో ఎవరూ పస్తులు పడుకోలేదు.

ఇంకొకటి మా జిల్లా గొప్ప కాబట్టి చెప్పుకోవాలి. ఉపాధి హామీ పథకం దేశం మొత్తానికి మొదలైంది మా నార్పల మండలం బండ్లపల్లిలో, 2006 ఫిబ్రవరి 2న, ప్రధాని మన్మోహన్ సింగ్ వచ్చి ప్రారంభించారు. పనికంటే నాకు నచ్చింది దాని వెనక వచ్చిన సోషల్ ఆడిట్. ఊళ్ళో చదువుకున్న పిల్లలు మస్టరు కాగితాలు పట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతారు. ‘నీ పేరు మీద ఇన్ని రోజులు పని రాసుంది, చేసినావా? ఇంత డబ్బు ఇచ్చినట్టుంది, ముట్టిందా?’ అని అడుగుతారు. బెంగుళూరులో ఉన్నవాడు ఇక్కడ చెరువులో మట్టి తీసినట్టు, చచ్చిపోయినవాడు గుంత తవ్వినట్టు ఉన్నవి అప్పుడు బయటపడతాయి. తర్వాత మండలంలో ప్రజావేదిక పెట్టి అందరి ముందూ చదువుతారు. ఈ ఆలోచన మనకు వచ్చింది రాజస్థాన్ నుంచి. అక్కడ మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ వాళ్ళు 1994లో కోట్ కిరానా అనే ఊరి నుంచి మొదలుపెట్టి, పంచాయతీ లెక్కలను జనం మధ్య పైకి చదివించారు. 2005 సమాచార హక్కు చట్టానికి బలమైన వేరు అదే. వసూలైన డబ్బు ఎంత, శిక్షలు ఎన్ని అంటే గొడవలున్నాయి, అది వేరే సంగతి. కానీ అన్నీ నోరు మూసుకుని వినే ఒక అవ్వ లేచి, “ఆ బొటనేలి ముద్ర నాది కాదు సామీ” అని ఆఫీసర్ల ముందు గట్టిగా చెప్పడం నేను కళ్ళారా చూశాను. తువ్వాల చంకలో పెట్టుకునే జనం తలెత్తి మాట్లాడింది అక్కడే.

కాబట్టి నా దేశాన్ని గాలిలోంచి తేనక్కర్లేదు. ముక్కలు ముక్కలుగా ఇక్కడే ఉంది. అన్నీ ఒకచోట లేవు, అన్ని రోజులూ లేవు.

రాజ్యాంగంలో 350వ అధికరణం ఉంది. తన కష్టం చెప్పుకునే అర్జీని ఎవరైనా ఏ అధికారికైనా దేశంలో గానీ రాష్ట్రంలో గానీ వాడే ఏ భాషలోనైనా ఇచ్చుకోవచ్చని దాని అర్థం. అర్జీలు రాసి బతికేవాడిని కాబట్టి దాన్ని ప్రింటు తీసి కొట్లో అంటించాను. ఇంగ్లీషులో ఉన్న బ్యాంకు ఫారం తెచ్చి నింపమనేవాళ్ళకు చూపిస్తే, “ఇది లోపల వాళ్ళకు తెలుసా అన్నా?” అని అడుగుతారు. అర్జీ ఇచ్చుకునే హక్కు గురించి 1950లోనే అంత శ్రద్ధగా రాసిపెట్టారు, జవాబు ఎన్ని రోజుల్లో రావాలో అక్కడ రాయలేదు. ఆ లోటు కొంత సమాచార హక్కు చట్టం తీర్చింది. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి, కారణం లేకుండా ఆలస్యం చేస్తే అధికారికి రోజుకు 250 రూపాయల జరిమానా, 25,000 దాకా. నా దేశంలో ఈ లెక్క సమాచారానికే పరిమితం కాదు, ప్రతి ఫైలుకూ ఉంటుంది. మండలాఫీసు గోడ మీద పెద్ద అక్షరాలతో తెలుగులో రాసి ఉంటుంది. ఏ అర్జీ ఏ తారీకున వచ్చింది, ఇప్పుడు ఏ బల్ల మీద ఉంది, ఎప్పటికి తేలాలి. చదవడం రానివాళ్ళకు సాయంత్రం ఒకరు పైకి చదువుతారు. వేలిముద్ర పడకపోతే శెనక్కాయలు ఒలిచి ఒలిచి గీతలు అరిగిన ఆ చేతిని పట్టుకుని ఇంకో దారి చూస్తారు, వెనక్కి పంపరు.

ఇదంతా రాస్తుంటే మా ఆవిడ వెనక నుంచి చదివి, “కొట్టు మూతపడితే తిండి ఎట్లా?” అని అడిగింది. ఫోటోలు తీస్తాను, పెళ్ళి కార్డులు వేస్తాను, లామినేషన్ ఎటూ ఉంటుంది అన్నాను. ఆమెకు నమ్మకం కుదరలేదు. ఆ దేశం అంత తొందరగా వచ్చేది కాదులే అని తనే ధైర్యం చెప్పుకుంది.

ఇప్పటికైతే కొట్టు పొద్దున తొమ్మిదిన్నరకు తెరుస్తాను. సోమవారం మాత్రం ఎనిమిదికే. ఆ రోజు గ్రీవెన్స్, జనం ఆఫీసర్లకు అర్జీలు ఇచ్చుకునే రోజు.